ఇంపాక్ట్ రెంచ్ డైరీ: వీల్ నట్ల నుంచి రోటవేటర్ దాకా

మార్చి

బిగుసుకున్న నట్లని లోపలి సుత్తి దెబ్బలతో విప్పే కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ వచ్చింది. సాకెట్ (నట్టు మీద తొడిగే గిన్నె) తగిలించే మొన అర అంగుళం, బ్రష్‌లెస్ మోటారు, 18 వోల్టుల బ్యాటరీ. ఆన్‌లైన్‌లో 18, 20, 21 వోల్టులని రకరకాలుగా అమ్ముతారు గానీ, ఈ సైజు మిషన్లలో మామూలుగా అన్నీ ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్ వరుసలో ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన 18, నిండా ఛార్జ్ అయ్యాక 4.2 లెక్కన 21. ఇక చవక మిషన్ల మీద 128 వీఎఫ్, 388 వీఎఫ్ అని కొట్టే స్టిక్కర్లు చూసి మోసపోకండి. అవి వోల్టులు కావు, ఉత్త మోడల్ అంకెలు.

మిషన్‌తో పాటే నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు తీసుకున్నాను. ఇంట్లో ఉన్న మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పానాకే పనికొస్తాయి. ఈ దెబ్బలకి అవి పగిలి, ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు కూడా తప్పవు, ముఖ్యంగా షెడ్డులో పని చేస్తే.

ఏప్రిల్

పాత వాగన్ ఆర్ చక్రాలు నాలుగూ విప్పాను. నట్టుకి 19 ఎంఎం సాకెట్. ట్రిగ్గర్ నొక్కితే, బిగువు లేనంతసేపు డ్రిల్లులాగే తిరుగుతుంది. బిగువు తగలగానే లోపలి సుత్తి స్ప్రింగును నొక్కుతూ వెనక్కి జారి, మళ్లీ ముందుకొచ్చి మొన వెనక కొసకి ఉండే రెండు చెవుల మీద కొడుతుంది. సెకనుకి పదుల దెబ్బలు. ఆ తిప్పుడంతా దెబ్బల్లోనే పోతుంది కాబట్టి మణికట్టు మెలితిరగదు.

బిగించేటప్పుడు మాత్రం దీన్ని నమ్మను. నట్టుని ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించి, మిషన్‌ని తక్కువ స్పీడులో పెట్టి ఆనేదాకా మాత్రమే తిప్పి, జాకీ దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత తిప్పుడు బలంతో బిగించాలో కొలిచి చెప్పే పానా) ఎదురెదురుగా ముగించాను. ఈ కారుకి 85 న్యూటన్ మీటర్లు. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలి. ఇలాంటి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించి పంపిన నట్టు, రాత్రిపూట రోడ్డు మీద స్టెప్నీ మార్చాల్సొస్తే కారులో ఉండే చిన్న పానాకి ఏం లొంగుతుంది?

మే నెలాఖరు

అసలు పరీక్ష తెనాలి దగ్గర మా బాబాయ్ వాళ్ల రోటవేటర్‌తో, అంటే ట్రాక్టర్ వెనక తగిలించి తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పరికరంతో. దుక్కులకి ముందు అరిగిన బ్లేడ్లు మార్చాలి. నల్లమట్టి ఎండి బోల్టు తలల చుట్టూ సిమెంటులా పట్టేసింది. ట్రాక్టర్ ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, పైకెత్తిన రోటవేటర్ కింద దుంగలు పెట్టాకే చెయ్యి పెట్టాం. వైర్ బ్రష్‌తో మట్టి దులిపి, ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాం.

చాలా నట్లు రెండు మూడు సెకన్లలో వచ్చేశాయి. ఒకటి మాత్రం మొండికేసింది. నేను ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే ఉన్నాను. బాబాయ్ పక్కనుంచి, “ఒరేయ్, అది కొడుతోందా, ఊరికే మోగుతోందా?” అన్నాడు.

మంచి ప్రశ్న. దెబ్బ నట్టుకి చేరుతుంటే శబ్దం గట్టిగా, పొడిగా వస్తుంది. సాకెట్ వదులుగా ఉన్నా, మధ్యలో ఎక్స్‌టెన్షన్ రాడ్డు ఉన్నా సగం బలం అక్కడే పోయి, గలగలమని మోత మిగులుతుంది. రాడ్డు తీసేసి, సాకెట్ నేరుగా తగిలించి, నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ మార్చాను. ముందు బిగించే వైపు ఒక్క క్షణం కొట్టి, తర్వాత విప్పే వైపు తిప్పితే కదిలింది. అయిదారు సెకన్లు కొట్టినా నట్టు కదలకపోతే ఆపెయ్యడమే నయం. ఇంకా నొక్కితే మోటారు కాలుతుంది తప్ప నట్టు రాదు.

ఎండలో బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకుండా నీడలో చల్లారనిచ్చాను. మన మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. ఇంట్లో పక్కన పెట్టేటప్పుడు కూడా నిండుగా కాకుండా సగం ఛార్జ్‌తో ఉంచుతున్నాను.

ఆగస్టు

శబ్దం కొంచెం బొంగురుపోయింది, ముందు తొడుగు త్వరగా వేడెక్కుతోంది. బ్యాటరీ తీసేసి, నాలుగు స్క్రూలు విప్పి తొడుగు లాగాను. గ్రీజు నల్లబడి, అంచులకి చిక్కటి ముద్దలా పేరుకుంది. సుత్తి తగిలే చోట మాత్రం లోహం తళతళలాడుతోంది, గ్రీజు జాడే లేదు. సుత్తి వెనక స్ప్రింగు నొక్కి ఉంటుంది, గాడుల్లో ఉక్కు గోళీలు ఉంటాయి. ఆ భాగాన్ని ఊడదీస్తే గోళీలు ఏ మూలకో దొర్లుతాయి. అందుకే దాన్ని కదపకుండా పాత గ్రీజుని నూలుగుడ్డతో, పాత టూత్ బ్రష్‌తో తుడిచాను. మోటారు వైపు కిరోసిన్ చుక్క కూడా పోనివ్వలేదు. మొన చెవుల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి, గుండ్రంగా అరిగితే మార్చాల్సిందే.

కొత్తగా మాలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే రాపిడి తగ్గించే పొడి) కలిసిన లిథియం గ్రీజు పలచగా రాశాను: సుత్తి ముఖానికి, గాడులకి, గేర్లకి, మొన తిరిగే బుష్‌కి. కూరితే లాభం లేదు. ఎక్కువైన గ్రీజు దెబ్బని మింగేస్తుంది, వేడికి కరిగి మోటారులోకి దిగుతుంది. స్క్రూలు ఎదురెదురుగా బిగించి ఒక నట్టు మీద చూస్తే పాత శబ్దం తిరిగొచ్చింది.

మిగిలింది మొన మీద సాకెట్‌ని పట్టి ఉంచే రింగు. అరిగిపోయి, మిషన్ కిందికి వంచితే సాకెట్ జారి పడుతోంది. చిన్న సామానే గానీ ఈ మోడల్‌కి సరిపడేది ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి ఎత్తులో పని ఉంటే వాడటం లేదు.