గేర్‌బాక్స్ పోయిందన్నారు, తీరా చూస్తే వైరు

మూడు వారాల టెన్షన్ నిన్న మధ్యాహ్నంతో తీరింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

దారిలో ఉండగా నా ఆటోమేటిక్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. వెంటనే బండి మూడో గేరులో ఇరుక్కుపోయింది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పది నిమిషాలు బుద్ధిగా నడిచేది, తర్వాత మళ్లీ అదే కథ. న్యూట్రల్ నుంచి డీలోకి, అంటే డ్రైవ్‌లోకి, వేస్తే వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ధబ్‌మనేది.

వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్ చేతిలో పట్టేంత స్కానర్ తగిలించాడు. పీ0700 అనే కోడ్ వచ్చింది. "గేర్‌బాక్స్ అయిపోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. మరి ఆపి స్టార్ట్ చేస్తే ఎందుకు బాగవుతోంది, అరిగిపోయిన క్లచ్ ప్లేట్లు తాళం తిప్పగానే మందమెక్కుతాయా అని అడిగాను. అంతే, అతనికి ఒళ్లు మండింది. వెయిటింగ్ హాల్లో అందరూ వినేలా, "రెండు కాళ్లతో తొక్కేవాళ్లకి ఆటోమేటిక్ ఎందుకు సార్? ఒకటి బ్రేకు మీద, ఒకటి యాక్సిలరేటర్ మీద!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. పదకొండేళ్లుగా ఒక్క గీత పడకుండా బండి నడుపుతున్నవాణ్ని. నోట మాట రాలేదు, తాళం తీసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. కూర్చుని చదివాను. పీ0700 అంటే గేర్‌బాక్స్ పోయిందని కాదు. గేర్లు నడిపే టీసీఎం, అంటే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్, ఇంజిన్ కంప్యూటర్‌తో "నా దగ్గర ఒక తప్పు నమోదైంది, లైటు వెయ్యి" అని చెప్పడం మాత్రమే. ఆ తప్పేమిటో టీసీఎంనే అడగాలి. ఆ పెద్దమనిషి అడగలేదు.

ఈ టీసీఎం పని వింటే ముచ్చటేస్తుంది. గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ వేగం ఒక సెన్సర్ చెబుతుంది, బయటికి వెళ్లే షాఫ్ట్ వేగం ఇంకొకటి చెబుతుంది. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే ఏ గేరులో ఉన్నామో, క్లచ్ జారుతోందో లేదో తేలిపోతుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఆయిల్ ఎంత వేడెక్కింది అన్నవి కూడా చూసుకుని సోలెనాయిడ్లకు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులకు, కరెంటు పంపిస్తుంది. అవి ఆయిల్ దారులు తెరిచి మూస్తాయి. ఆ ఆయిలే గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లను నొక్కుతుంది. ఒక సెన్సర్ మూగబోతే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు నాలాంటి బండ్లలో టీసీఎం సాహసం చేయదు, సోలెనాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేకపోతే ఆయిల్ తనంతట తాను ఒకే గేరుకు వెళ్తుంది, అదీ పూర్తి ప్రెషర్‌తో. ఆ ధబ్ అదే! అతను గేర్‌బాక్స్ చావుకేక అనుకున్నది మాడ్యూల్ తీసుకున్న జాగ్రత్త.

తర్వాతదంతా తేలిక. టీసీఎంతో మాట్లాడగలిగే స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ముందు బ్యాటరీ వోల్టేజ్ చూశాడు, అది తక్కువున్నా మాడ్యూళ్లు పిచ్చి కోడ్లు చూపిస్తాయట. తర్వాత కోడ్ చదివాడు: పీ0720, అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద ఎర్రటి ఆయిల్ మెరుస్తోంది. దీపం వత్తికి నూనె ఎక్కినట్టు గేర్‌బాక్స్ లోపలి నుంచి వైరు వెంబడి పాకి వచ్చిందన్నమాట. సెన్సర్‌నీ దాని వైరునీ మార్చి, పిన్నులు కడిగి, కోడ్లు చెరిపేశాడు.

ఎవరైనా గేర్‌బాక్స్ మార్చమంటే టీసీఎంలో ఏ కోడ్ ఉందో చూపించమనండి, చూపించకపోతే లేచి వచ్చేయండి. పాత టీసీఎం తెచ్చి తగిలిస్తామన్నా ఒప్పుకోకండి, చాలా బండ్లలో అది ఆ బండికి కోడింగ్ చేస్తే గానీ పనిచేయదు. రిపేరయ్యాక, గేర్లు ఎలా వేయాలో టీసీఎం నేర్చుకున్న విలువలు చెరిపేస్తే కొన్నాళ్లు గేర్లు కాస్త మొరటుగా పడతాయి, కంగారు పడొద్దు.

పాడైన సెన్సర్‌ని అడిగి మరీ తెచ్చుకున్నాను. వెళ్లి ఆ సూపర్‌వైజర్ బల్ల మీద పెడదామా అనుకుంటున్నాను. ప్రస్తుతానికి గ్లవ్‌బాక్స్‌లో ఉంది.