మలెంకో లోయలో రాచిప్ప

ఆపిల్ కోల్డ్ స్టోరేజీల్లో, పాల డెయిరీల్లో కూలింగ్ మెషీన్లు బాగుచేయడం నా పని. ఉత్తర ఇటలీలో, స్విట్జర్లాండ్ సరిహద్దున ఉన్న సోంద్రియో జిల్లా మొత్తం ఈ పని మీదే తిరిగాను. ఫలానా ఊళ్ళో మెషీన్ ఆగిందని ఫోన్ వస్తే వ్యాన్ తీసుకుని బయల్దేరడమే.

జిల్లా మధ్యలో అద్దా నది. నదికి ఉత్తరాన, ఎండ బాగా తగిలే కొండవాలు మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. ఆ మెట్లను నిలబెట్టే గోడలకు సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చినవే. అన్నీ కలిపితే సుమారు 2,500 కిలోమీటర్లు ఉంటాయంటారు. వానకి ఒకచోట కూలితే మళ్ళీ చేత్తో పేర్చుకోవాల్సిందే. ఇలా గోడ కట్టే విద్యను యునెస్కో 2018లో తన జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ అక్కడ రాళ్ళెత్తుతూ నాకు కనిపించిన వాళ్ళంతా పెద్దవాళ్ళే. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మొదటి చలికాలం టెన్షన్‌తోనే గడిచింది. నేను నేర్చుకున్న ఇటాలియన్ వేరు, కొండ ఊళ్ళలో పెద్దవాళ్ళ యాస వేరు.

ఆ జనవరిలోనే వాల్ మలెంకోలో ఒక చిన్న డెయిరీకి వెళ్ళాను. పని అయ్యేసరికి రెండు దాటింది. యజమాని వాళ్ళమ్మగారు తిని వెళ్ళమని కూర్చోబెట్టారు. పొయ్యి మీద నల్లటి రాతిగిన్నె, చుట్టూ రాగి పట్టీలు. దించాక కూడా సూప్ కుతకుతమంటూనే ఉంది. ఆ లోయలో దొరికే మెత్తటి రాయిని లేత్ మీద తిప్పి చేస్తారట, పేరు లవేజ్జో. నాకు మాత్రం అది తెనాలిలో మా అమ్మ పప్పుపులుసు కాచే రాచిప్పే!

"మా ఇంట్లోనూ ఉంది" అంటే ఆవిడ నమ్మలేదు. అమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మ రాచిప్ప తెచ్చి చూపించింది. ఆవిడ తన గిన్నె తెచ్చారు. ఇద్దరూ మాటల్లేకుండా అడుగులూ అంచులూ తిప్పి తిప్పి చూపించుకున్నారు.

"ఒక్కసారే పెద్ద సెగ పెట్టొద్దని చెప్పరా, పగులుతుంది" అంది అమ్మ.

ఆ మాట ఇటాలియన్‌లో చెప్పాను. ఆవిడ నవ్వి, గిన్నెకున్న సన్నటి పగులు మీద వేలు పెట్టి, దాన్ని విడిపోకుండా పట్టి ఉంచిన రాగి పట్టీని అమ్మకి చూపించారు.