గేట్ జియోఫిజిక్స్: చమురు అన్వేషణను నేను చదివిన పద్ధతి

గేట్ (ఇంజినీరింగ్, సైన్స్ పీజీ ప్రవేశాలకు జరిగే పరీక్ష)లో జియాలజీ, జియోఫిజిక్స్ పేపరుకు సిద్ధమవుతున్న మిత్రులకు, అందులోనూ జియోఫిజిక్స్ విభాగం ఎంచుకున్నవారికి ఈ నాలుగు మాటలు. నేను చమురు, సహజవాయువు అన్వేషణ గురించి మాత్రమే రాస్తున్నాను. చాలామంది ఈ భాగాన్ని గ్రావిటీ, మాగ్నెటిక్, సీస్మిక్, లాగింగ్ అంటూ జాబితాగా బట్టీ పడతారు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఆ జాబితాతో పని లేదు. ఒక కొలత ఏం చెప్పగలదు, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే వారికి కావాలి.

ముందుగా ఒక సంగతి మనసులో నాటుకోవాలి. డ్రిల్లింగ్‌కు ముందు చేసే ఏ సర్వే కూడా చమురును నేరుగా చూడదు. అది చూసేది రాళ్ల ఆకారాన్ని, వాటి గుణాల్లో తేడాలను. చమురు పుట్టడానికి సేంద్రియ పదార్థం ఉన్న షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) కావాలి, అది తగినంత వేడెక్కాలి. పుట్టిన చమురు చేరడానికి రంధ్రాలున్న ఇసుకరాయో సున్నపురాయో ఉండాలి. దానిపైన మూతలా పనిచేసే పొర, ఎటూ జారిపోకుండా పట్టి ఉంచే ట్రాప్ ఉండాలి. ఆ ట్రాప్ కూడా చమురు కదలకముందే తయారై ఉండాలి. ఈ చివరి షరతును నోట్సులో సగం మంది రాయనే రాయరు.

పుస్తకాల్లో ఒక ఉదాహరణ టెక్సాస్‌ది, ఇంకొకటి ఉత్తర సముద్రానిది. అవన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవడం నాకు అనవసర శ్రమ అనిపించింది. అందుకే మన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ ఒక్కదాన్నే పట్టుకుని ప్రతి పద్ధతినీ అక్కడే నిలబెట్టి చూశాను. ఇక్కడ రాఘవాపురం షేల్ చమురు పుట్టించే రాళ్లలో ఒకటి. మండపేట ఇసుకరాయి గ్యాస్‌ను దాచుకున్న పొర. 1978లో నరసాపురం బావిలో గ్యాస్ బయటపడింది. 2002లో లోతు సముద్రంలోని డీ6 బ్లాకులో పెద్ద నిక్షేపం దొరికింది. ఊళ్ల పేర్లు మనవే కాబట్టి పొరల పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

గ్రావిటీ, మాగ్నెటిక్ సర్వేలు తక్కువ ఖర్చుతో పెద్ద ప్రాంతాన్ని చుట్టేస్తాయి. అడుగున ఉన్న గట్టి శిల ఎక్కడ ఎత్తుగా లేచింది, ఎక్కడ కుంగి అవక్షేపాలు మందంగా పేరుకున్నాయి అన్నది చెబుతాయి. తణుకు, బాపట్ల హార్స్ట్‌లను (రెండు భ్రంశాల మధ్య పైకి లేచిన శిలాఖండాలను) ఈ కోణంలో చదవండి. ఉప్పు గుమ్మటం దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. ఉప్పు చుట్టుపక్కల రాళ్లకన్నా తేలిక కాబట్టి అక్కడ గ్రావిటీ తగ్గుతుంది. 1924లో టెక్సాస్‌లోని నాష్ గుమ్మటాన్ని గ్రావిటీలో సూక్ష్మ తేడాలు కొలిచే టార్షన్ బ్యాలెన్స్‌తో పట్టుకున్నది ఈ ఆధారంతోనే. పైన ఉన్న చిన్న వస్తువు, లోతున ఉన్న పెద్ద వస్తువు ఒకే రకమైన అనామలీ (మామూలు విలువ నుంచి తేడా) ఇవ్వగలవన్నది ఇక్కడ తప్పక తెలియాల్సిన పరిమితి.

అసలు సమయం పెట్టాల్సింది సీస్మిక్ రిఫ్లెక్షన్ మీద. కోనసీమ పొలాల్లో సర్వే బృందాలు గుంట తవ్వి, అందులో కొద్దిగా పేలుడు పదార్థం పేల్చి, నేల కంపనాలను పట్టే జియోఫోన్లను వరుసగా పాతి, వాటితో ప్రతిధ్వనులు నమోదు చేస్తాయి. సముద్రంలో ఆ పని ఎయిర్‌గన్‌లు, హైడ్రోఫోన్లు చేస్తాయి. సాంద్రతను వేగంతో గుణిస్తే వచ్చే ఇంపీడెన్స్ ఎక్కడ మారితే అక్కడ తరంగం తిరిగి వస్తుంది. ఒక లెక్క చూడండి. పైన షేల్: సాంద్రత 2.4, వేగం సెకనుకు 2500 మీటర్లు, అంటే ఇంపీడెన్స్ 6000. కింద గ్యాస్ నిండిన ఇసుకరాయి: 2.0, 2000, అంటే 4000. తేడాను మొత్తంతో భాగిస్తే రిఫ్లెక్షన్ గుణకం మైనస్ 0.2. ప్రతిధ్వనులతో తయారయ్యే చిత్రం, అంటే సెక్షన్‌లో ఇది మెరిసే గీతలా కనిపిస్తుంది కాబట్టి బ్రైట్ స్పాట్ అన్నారు.

ఆ మెరుపును చూసి సంబరపడటానికి లేదు. రంధ్రాల్లో కొద్ది శాతం గ్యాస్ ఉన్నా తరంగ వేగం బాగా పడిపోతుంది. అందుచేత వ్యాపారానికి పనికిరాని గ్యాస్ కూడా దాదాపు అంతే మెరుస్తుంది. 'బ్రైట్ స్పాట్ ఉంటే నిక్షేపం ఖాయం' అన్న వాక్యం ఆప్షన్లలో కనిపిస్తే అనుమానించండి.

ఇంకో చిక్కు బసాల్ట్. రాజమండ్రి పక్కన కాటేరు క్వారీల్లో కనిపించే నల్లరాయి లావా ప్రవాహాల శేషం. రాజోలు ప్రాంతంలో అలాంటి రాయి అవక్షేపాల కింద పూడిపోయి ఉంది. మెత్తని పొరల నుంచి వచ్చిన తరంగానికి బసాల్ట్ తగలగానే శక్తిలో పెద్ద వాటా వెనక్కి వెళ్లిపోతుంది, దాని కింది పొరలు మసకబారతాయి. అప్పుడు తక్కువ పౌనఃపున్య తరంగాలు, గ్రావిటీ, మాగ్నెటోటెల్యూరిక్స్ (భూమి లోపలి విద్యుత్ వాహకతను కొలిచే పద్ధతి) కలిపి చూస్తారు. ఒక పద్ధతి బలహీనత దగ్గర ఇంకో పద్ధతి ఎందుకు అవసరమవుతుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సీస్మిక్ వేగాలకు ఇంకో ఉపయోగమూ ఉంది. లోతు పెరిగేకొద్దీ వేగం పెరగాలి. పెరగకుండా తగ్గితే అక్కడ రాతి రంధ్రాల్లోని ద్రవపీడనం (పోర్ ప్రెషర్) అసాధారణంగా ఎక్కువ ఉండవచ్చు. ఆ పీడనం డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలో నింపే బురద ద్రవం) ఒత్తిడిని మించి, అదుపు తప్పితే గ్యాసో చమురో పైకి ఎగదన్నుతుంది, అదే బ్లోఅవుట్. 1995లో పాశర్లపూడి బావిలో రెండు నెలలకు పైగా మంటలు లేచాయని పెద్దలను అడిగితే చెబుతారు. పోర్ ప్రెషర్ అధ్యాయాన్ని పొడి సిద్ధాంతమని వదిలేసేవారికి ఈ మాట చెప్పాలి.

బావి తవ్వాక లాగింగ్, అంటే బావిలోకి పరికరాలు దించి లోతు వెంబడి రాతి గుణాలు కొలవడం వస్తుంది. 1927లో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జే బృందం తొలి ఎలక్ట్రికల్ లాగ్ తీసింది. గామా రే (రాతి సహజ రేడియోధార్మికత) ఎక్కువైతే సాధారణంగా షేల్. ఉప్పునీటికి రెసిస్టివిటీ (విద్యుత్‌ను అడ్డుకునే గుణం) తక్కువ, చమురుకు ఎక్కువ. చమురా, గ్యాసా అన్నదానికి న్యూట్రాన్, డెన్సిటీ లాగ్‌లను పక్కపక్కన పెట్టి చూడాలి.

రాతి రంధ్రాల్లో నీటి వాటా ఎంతో రెసిస్టివిటీ నుంచి తేల్చే 1942 నాటి ఆర్చీ సూత్రం మీద లెక్కలు మాత్రం వదలకండి. పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా) 0.2, నీటి రెసిస్టివిటీ 0.04, పొర రెసిస్టివిటీ 25 అనుకోండి. రెండు ఘాతాలూ 2, స్థిరాంకం 1 తీసుకుంటే ఫార్మేషన్ ఫ్యాక్టర్ (ఒకటిని పోరాసిటీ వర్గంతో భాగిస్తే) 25, దాన్ని నీటి రెసిస్టివిటీతో గుణిస్తే నీరు నిండిన పొర రెసిస్టివిటీ 1. ఒకటిని 25తో భాగించి వర్గమూలం తీస్తే నీటి సంతృప్తత 0.2. మిగతా 80 శాతం హైడ్రోకార్బన్. సంఖ్య రాయాల్సిన ప్రశ్నల్లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఇలాంటివి చివరి నిమిషంలోనైనా ప్రయత్నించండి. పరీక్షలో సొంత కాలిక్యులేటర్‌కు అనుమతి ఉండదు. తెర మీద వచ్చే దానితోనే ఇంట్లోనూ సాధన చేయండి, ముఖ్యంగా వర్గమూలాలు, ఘాతాలు ఉన్న లెక్కలు.