క్యాచ్ వేరు, క్యాప్చర్ వేరు

నిఘంటువు తిరగేస్తే క్యాచ్ అన్నా పట్టుకొను, క్యాప్చర్ అన్నా పట్టుకొను. అంతటితో వదిలేస్తే పిల్లలు పరీక్షలో "ఐ క్యాప్చర్డ్ ద బస్" అని రాయక ఏం చేస్తారు? పేపరు దిద్దేవాళ్లకి మాత్రం వీడు బస్సును హైజాక్ చేశాడనిపిస్తుంది.

నాకు తెలిసి, చేతికి చిక్కిందా, క్యాచ్ పని అయిపోయినట్టే. క్యాప్చర్ అలా కాదు, చిక్కినదాన్ని మళ్లీ పోనివ్వకుండా అధీనంలో పెట్టుకోవాలి, పైగా అవతలిది మామూలుగా తప్పించుకోవాలనో ఎదిరించాలనో చూసేదై ఉంటుంది. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ బౌండరీ దగ్గర అందుకుని, తాడు దాటబోతూ పైకి విసిరేసి, మళ్లీ లోపలికొచ్చి పట్టాడు కదా, అంత కష్టపడినా అది క్యాచే, బంతిని క్యాప్చర్ చేశాడని ఎవరూ అనరు. అదే 2023లో అలిపిరి నడకదారి చుట్టుపక్కల బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారే, దానికి క్యాప్చరే నప్పుతుంది.

అసలు గమ్మత్తంతా కెమెరా దగ్గరే. జీలకర్ర బెల్లం పెట్టే వేళ పెళ్లికూతురి మొహంలో వెలుగుని ఫోటోగ్రాఫర్ క్యాప్చర్ చేస్తాడు. అదే పెళ్లిలో షుగరున్న మావయ్య ఎవరూ చూడట్లేదనుకుని మూడో గులాబ్‌జామ్ నోట్లో వేసుకుంటూ దొరికిపోతే? ఆయన కాట్ ఆన్ కెమెరా. కెమెరా ఒకటే, ఫోటోగ్రాఫరూ ఒకడే, కానీ కాట్ అనేసరికి ఏదో తప్పు చేస్తూ దొరికిన వాసన వస్తుంది (సీసీటీవీ వార్తల హెడ్డింగులు చూడండి, అన్నీ ఇదే బాపతు).

జలుబు సంగతీ ఇంతే. మనకైతే జలుబే వచ్చి పట్టుకుంటుంది, ఇంగ్లీషువాళ్లు మాత్రం తామే వెళ్లి జలుబును క్యాచ్ చేస్తారు! కావాలని చేయని పనికి కూడా క్యాచ్ సరిపోతుంది, క్యాప్చర్‌కి ఆ వీలు లేదు.

చుట్టరికం చూస్తే రెండూ లాటిన్‌లో కాపెరే అనే ఒకే మూలం నుంచి వచ్చినవే. క్యాచ్ ఉత్తర ఫ్రాన్సు యాస మీదుగా ముందే ఇంగ్లీషులోకి దిగింది, అదే మాట మధ్య ఫ్రాన్సు యాసలో చేజ్‌గా మారి అదీ వచ్చి చేరింది. అంటే దొంగను చేజ్ చేసి క్యాచ్ చేశారంటే ఒకే మాట రెండుసార్లు అన్నట్టు. క్యాప్చర్ చాలా ఆలస్యంగా, చదువుకున్నవాళ్ల మాటగా వచ్చింది. అందుకేనేమో ఇప్పటికీ కోటలు, ఓడలు, యుద్ధ ఖైదీల దగ్గరే దానికి సుఖంగా ఉంటుంది. చదరంగంలోనూ దానిదే రాజ్యం, మనం గుర్రాన్ని చంపేశాం అంటాం గానీ ఇంగ్లీషులో క్యాప్చర్ చేస్తారంతే.