బుర్రకథలో అచ్చుకెక్కని సగం: రికార్డు చేసిన నా అనుభవం

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు లాంటి బుర్రకథ పుస్తకాలు పాత పుస్తకాల షాపుల్లో వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. అందుకే బుర్రకథను రికార్డు చేసి దాచాలని నేనంటే, "అచ్చులో ఉందిగా" అన్నవాళ్లే ఎక్కువ. అచ్చులో ఉన్నది కథకుడి పాట, వచనం. ఆయనకు అటూ ఇటూ నిలబడి గుమ్మెట వాయించే వంతలిద్దరిలో ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం చెబుతారు. వాళ్ల మాటల్లో చాలా భాగం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ ఊరిని, ఎదురుగా కూర్చున్న జనాన్ని చూసి అప్పటికప్పుడు అల్లేస్తారు. నాకు కావలసింది ఆ భాగం.

బుర్రకథకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. 1943లో మొదలైన వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఈ కళను చేతిలోకి తీసుకున్నాక, షేక్ నాజర్ లాంటివాళ్లు పాత వీరగాథలతో పాటు బెంగాల్ కరువును కూడా కథగా చెప్పారు. అప్పటి మద్రాసు ప్రభుత్వం బుర్రకథను కొంతకాలం నిషేధించిందంటే, నిన్న మొన్నటి సంగతులు వేదికెక్కడమే కారణం. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది, ఆయన గొంతు కొంతైనా రికార్డుల్లో మిగిలింది. ఊరూరా తిరిగిన చిన్న దళాల్లో వంతల మాటలు మాత్రం వాళ్లతోనే పోతున్నాయి.

గుంటూరు జిల్లాలో నేను కలిసిన దళంలో హాస్యం చెప్పే పెద్దాయనకు డెబ్బై దాటాయి. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. కేసెట్ల రోజుల్లో ఎవరో వచ్చి వీళ్ల కథ రికార్డు చేసుకుని, చేతిలో కొంచెం డబ్బు పెట్టి వెళ్లారట. తర్వాత అదే కేసెట్ తిరునాళ్లలో అమ్ముతుంటే వీళ్లు పక్కనే నిలబడి విన్నారట. "మళ్లీ మా గొంతు పట్టుకుపోవడానికి వచ్చావా అమ్మాయ్?" అని అడిగారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మిషన్ బ్యాగులోంచి తీయకుండా, ముందు హక్కుల గురించి మాట్లాడుకున్నాం.

కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శన ఇచ్చినవాళ్లకు దాని మీద 50 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. ఈ సంగతి వాళ్లకు ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఎవరు వినొచ్చు, నెట్‌లో పెట్టొచ్చా, డబ్బు వస్తే ఎవరికి చెందాలి అన్నవి మామూలు తెలుగులో కాగితం మీద రాసి చదివి వినిపించాను. సంతకాలతో పాటు వాళ్ల నోటితో చెప్పిన ఒప్పుకోలు కూడా రికార్డు చేశాను. రాజకీయం చెప్పే ఆయన ఒక షరతు పెట్టారు: బతికున్నవాళ్ల పేర్లు పెట్టి వేసిన చెణుకులు బయటికి పోకూడదు. న్యాయమైన షరతే.

ఇంట్లో ప్రశాంతంగా రికార్డు చేద్దామా అంటే బాబాయ్ గారు నవ్వారు. "జనం లేకుండా హాస్యం ఎట్లా పుడుతుందమ్మా?" అందుకని శ్రీరామనవమి పందిరి దాకా ఆగాం. మైకు సెట్టు వాళ్ల బాక్సులు, జనరేటర్ మోత, గుమ్మెట దెబ్బ అన్నీ కలిసి టెన్షన్ పెట్టాయి. ముగ్గురికీ వేరువేరు కాలర్ మైకులు పెట్టి, గుమ్మెట దెబ్బకు శబ్దం పగలకుండా లెవెల్ బాగా తగ్గించి ఉంచాను. ఇంకో రికార్డర్ జనం మధ్యలో పెట్టాను. ముందు వరసలో ఎవరో అరిచిన మాటకే హాస్యం జవాబు చెబుతుంది కదా, ఆ అరుపు లేకపోతే జవాబు అర్థం కాదు. ఫైళ్లన్నీ వేవ్ ఫార్మాట్‌లోనే తీసుకున్నాను, ఎంపీ3 లో కొంత శబ్దం శాశ్వతంగా పోతుంది. కెమెరా ఒక్కటే, ముగ్గురూ కనబడేలా కదలకుండా పెట్టాను. కథకుడు కనుసైగ చేసిన క్షణం, వంత అందుకున్న క్షణం ఒకే ఫ్రేములో ఉండాలి.

అసలు పని మర్నాడు మొదలైంది. ముగ్గురినీ కూర్చోబెట్టి రికార్డింగ్ వినిపిస్తూ, మాటమాటకీ ఆపి అడిగాను. చెణుకులో వచ్చిన ఈ ట్యాంకు ఏ ట్యాంకు? జనం ఇక్కడెందుకు గొల్లుమన్నారు? ఆ జవాబులు కూడా రికార్డు చేశాను. ఇంకో పదేళ్లు పోతే ఆ చెణుకు ఎవరి మీదో చెప్పేవాళ్లే ఉండరు. అలా వింటూ వింటూ బాబాయ్ గారు 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఆ ప్రాంతంలో కథ చెప్పిన రోజుల్లోకి వెళ్లిపోయారు. అంత దుఃఖంలో ఉన్న జనం ముందు హాస్యం ఎంత మేర చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆయన వివరించిన తీరు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రాతలోకి ఎక్కించడానికి ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. ముగ్గురి మాటలూ మూడు వరసల్లో, ఏ సెకనులో ఎవరన్నారో తెలిసేలా రాసుకోవచ్చు. ఫోన్లో మాట్లాడితే టైప్ చేసే సదుపాయం గుమ్మెట మోతలో పనికిరాలేదు, అంతా చెవితో విని రాసిందే. వాళ్ల యాసను ఎక్కడా దిద్దలేదు. "తందాన తాన" ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ రాశాను, ఎందుకంటే వంత తర్వాతి మాట ఆలోచించుకునేది ఆ వ్యవధిలోనే.

ఇప్పుడు మూడు కాపీలున్నాయి, ఒకటి వేరే ఊళ్లో. దళానికి మెమరీ కార్డుల్లో ఇచ్చాను, వాళ్లు ఫోన్లోనే వింటారు కాబట్టి. పేర్లున్న భాగాలు తీసేసిన కాపీ మాత్రమే నెట్‌లోకి వెళుతుంది.

మహిళా దళాల వంతల మాటలు నాకింకా దొరకలేదు. మీ ఇంట్లో అలాంటి పాత కేసెట్ ఉంటే దయచేసి వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి. టేపు మీద తెల్లటి బూజు ఉందేమో వెలుతురులో చూడండి. బూజుంటే తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాకే తిప్పండి. మొదటిసారి తిప్పేటప్పుడే కాపీ తీసుకోండి, పాత టేపు రెండోసారి దాకా నిలుస్తుందన్న నమ్మకం లేదు. కేసెట్ అట్ట మీద చేత్తో రాసిన ఊరి పేరు, తేదీ ఉంటే వాటిని కూడా ఫోటో తీసి పెట్టండి.