ల్వార్ లోయకి కారెందుకు?

మన వైజాగ్ స్టేషన్‌లోకి వచ్చిన రైలు ఇంజిన్ మార్చుకుని మళ్లీ వెనక్కి తిరిగి పోతుందనీ, అంత టైం లేని రైళ్లు కొన్ని ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయనీ తెలిసినవాళ్లకి ఫ్రాన్స్‌లోని ల్వార్ లోయలో తూర్ అనే ఊరు అర్థం కావడానికి అరనిమిషం చాలు. అక్కడా అంతే. తూర్ స్టేషన్‌లో పట్టాలు ఆగిపోతాయి, దాటి పోవడానికి దారి లేదు. అందుకే పారిస్ నుంచి వచ్చే చాలా టీజీవీలు, అంటే వాళ్ల హైస్పీడ్ రైళ్లు, పక్కనే ఉన్న సాన్ పియేర్ దె కోర్‌లో మనల్ని దింపి ముందుకు పోతాయి. కాకపోతే దువ్వాడలో అర్ధరాత్రి దిగి ఆటో బేరాలాడినట్టు కాదు, అక్కణ్నుంచి ఊళ్లోకి ఇంకో రైలుంటుంది, అయిదు నిమిషాల్లో దింపేస్తుంది. టికెట్ కొనేటప్పుడు ఈ రెండు పేర్లు చూసి కంగారు పడకండి.

మేలో అమ్మా నేనూ వెళ్లొచ్చాం. ల్వార్ లోయ అంటే పాత ఫ్రెంచి రాజుల కోటలన్నీ నదుల వెంబడి వరసగా ఉండే ప్రాంతం, 2000లో యునెస్కో జాబితాలో చేరింది. వెళ్తున్నామనగానే అందరూ ఒకటే మాట, కారు అద్దెకి తీసుకోపోతే అక్కడ ఏమీ చూడలేరని. నేను రోజూ ఎన్ఏడీ జంక్షన్ దాటి ఆఫీసుకెళ్లే మనిషిని, అలవాటు లేని కుడివైపు రోడ్డు మీద, కార్డులో డిపాజిట్ ఇరుక్కుపోయిన టెన్షన్‌తో స్టీరింగ్ పట్టుకుంటే కోటలు అమ్మ చూస్తుంది గానీ నేను చూడను. అమ్మకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ నడవగలిగినంత దూరంలో రైలు ఆగితే చాలు, అదీ మా లెక్క.

లెక్క సరిపోయింది. పారిస్ మోంపర్నాస్ నుంచి గంటా పావు ప్రయాణం, సుమారు 240 కిలోమీటర్లు. ఊరూరా పెట్టెలు మోసుకు తిరగకుండా తూర్‌లో స్టేషన్‌కి దగ్గర్లో గది తీసుకుని అయిదు రాత్రులూ అక్కడే మకాం పెట్టాం. పొద్దున్నే ఒక రైలెక్కడం, సాయంత్రానికి తిరిగి రావడం. టీజీవీ టికెట్ ముందుగా కొనుక్కోకపోతే రేటు పెరిగిపోతుంది గానీ, చుట్టుపక్కల ఊళ్లకి తిరిగే రెమీ రైళ్లకి రిజర్వేషన్ గొడవ లేదు, మన పాసింజర్ రైలెక్కినట్టే అప్పటికప్పుడు కొనుక్కుని ఎక్కేయొచ్చు.

మొదటి రోజు అంబ్వాజ్. రైల్లో ఇరవై నిమిషాలు. స్టేషన్ నదికి ఇటు, కోట అటు. మధ్యలో వంతెన దాటుతుంటే అమ్మ సగంలో ఆగిపోయింది. ల్వార్ ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, కానీ అక్కడ మేం చూసింది మాత్రం ఎండాకాలం గోదావరే. నీళ్ల మధ్య ఇసుక తిన్నెలు, తిన్నెల మీద పక్షులు, ఆ పైన గట్టు మీద కోట. కార్లో వెళ్లుంటే ఆ వంతెన మీద ఆపే వీలే ఉండదు. కోట ఆవరణలో చిన్న గుడిలాంటి చర్చి, అందులో లియొనార్డో డావిన్సీ సమాధి. ఫ్రాన్సువా రాజు పిలిస్తే ముసలితనంలో ఇటలీ నుంచి వచ్చి, ఆ పక్కనే క్లో ల్యూసే అనే ఇంట్లో ఉండి, 1519లో అక్కడే పోయాడు. ఆ ఇల్లు కూడా నడిచే దూరమే, కొంచెం ఎగుడు. అమ్మ రెండుసార్లు కూర్చుని ఎక్కింది.

షాంబోర్ మాత్రం రైలుకి అందదు, ముందే చెబుతున్నా. స్టేషన్ పేరు బ్ల్వా-షాంబోర్ అని ఉంటుంది గానీ కోట అక్కణ్నుంచి 15 కిలోమీటర్లు. సీజన్‌లో స్టేషన్ బయటి నుంచే బస్సు నడుస్తుంది, రోజుకి కొన్నే ట్రిప్పులు, చలికాలంలో దాన్ని నమ్ముకోకూడదు. నాలుగు వందలకి పైగా గదులు, 282 చలి కాచుకునే పొయ్యిలు ఉన్న ఇల్లు అది. ఒకళ్లు ఎక్కుతూ ఒకళ్లు దిగుతూ ఎదురుపడని జంట మెట్ల చుట్టు చూసి నోరు తెరిచాం, అయినా నాకు ఆ కోట మనుషులు బతికిన చోటులా అనిపించలేదు.

అమ్మ పుట్టిల్లు బొబ్బిలి. ఫ్రెంచివాళ్లంటే ఆవిడకి బుస్సీ. 1757 జనవరిలో బొబ్బిలి కోటని కూల్చింది అతని ఫిరంగులే, అదే ఏడు మన విశాఖలో ఇంగ్లీషువాళ్ల స్థావరాన్నీ పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ కథ వింటూ పెరిగిన మనిషి ఫ్రెంచి రాజుల కోటల్లో తిరుగుతుంటే లోపల ఏదో ఒకటి కలుక్కుమంటుంది కదా. "ఏటిరా, ఈళ్ల కోటలకి ఒక్క రాయి కూడా ఊడలేదు" అంది షాంబోర్ గోడ మీద చెయ్యి వేసి. నేనేం చెప్పను.

ఆ మనసు షెనోన్సోలో మారింది. నన్నడిగితే ఒక్కటే చూసే వీలున్నవాళ్లు దీన్నే చూడాలి, కారు లేనివాళ్ల కోసమే కట్టారా అన్నట్టుంటుంది. తూర్ నుంచి అరగంట, రైలు దిగి పట్టాల పక్కనే రెండు మూడు నిమిషాలు నడిస్తే గేటు. రెండు వైపులా పెద్ద చెట్ల బాట, చివర షేర్ నది మీద అడ్డంగా వంతెనలా కట్టిన కోట. రెండో హెన్రీ దాన్ని తన ప్రియురాలు దియాన్‌కి ఇచ్చాడు, నది మీద వంతెన ఆవిడే వేయించింది. 1559లో రాజు పోగానే రాణి కేథరిన్ ఆవిణ్ని పంపించేసి కోట తీసుకుని, ఆ వంతెన మీదే 60 మీటర్ల హాలు కట్టించింది.

ఆ హాలు గురించి కాస్త చెప్పాలి. నల్లా తెల్లా గళ్ల నేల, ఎందరు నడిచారో గానీ అక్కడక్కడా అరిగి కాలికి తెలుస్తుంది. కిటికీల్లోంచి నీళ్ల వెలుతురు పైకప్పు మీద కదులుతూ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ మంచాలు వేసి ఆసుపత్రి చేశారు, 2 వేల మందికి పైగా గాయపడ్డవాళ్లకి వైద్యం జరిగింది. రెండో యుద్ధంలో షేర్ నదే సరిహద్దయింది. కోట ముఖద్వారం జర్మన్ల చేతిలో ఉన్న వైపు, హాలు చివరి తలుపు అవతలి ఒడ్డు మీద, ఇంకా వాళ్లు ఆక్రమించని నేల మీద. ఆ హాల్లో నుంచి నడిచి జనం తప్పించుకుపోయారు.

అమ్మ ఆ చివరి తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు ఊరు ఖాళీ అయిపోయి, బొబ్బిలిలో అమ్మమ్మ వాళ్లింటికి చుట్టాలు పదకొండు మంది మూటలతో దిగారట. అందులో ఒకావిడ ఖంగారులో బియ్యం డబ్బా బదులు ఉత్త డబ్బా పట్టుకొచ్చిందట. ఈ సంగతి నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఆ గడప మీద చెప్పింది.

అలా మాటల్లో పడి తిరుగు రైలు మిస్సయ్యాం. ఆ లైన్‌లో రైళ్లు బాగా తక్కువ, మధ్యాహ్నం పూట మరీ, ఆదివారాలు ఇంకా తక్కువ. తర్వాతది దాదాపు రెండు గంటలకి. కాబట్టి మీరు వెళ్తే పొద్దున రైలు కంటే ముందు సాయంత్రం రైలు టైం చూసి రాసుకోండి, ఆఖరిది కాకుండా దాని ముందుదానికి ప్లాన్ చేసుకోండి. మాకు ఆ రోజు ఇంకో బండి ఉంది కాబట్టి సరిపోయింది.

స్టేషన్‌లో కౌంటర్ లేదు, మనిషి లేడు, ఒక బెంచీ ఉంది. అమ్మ చెప్పులు విప్పి కాళ్లు చాపుకుని, గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వండి తెచ్చిన పులిహోర డబ్బా మూత తీసింది. ఇంగువ వాసనకి పక్కన సైకిల్‌తో నిలబడ్డ ఒక పెద్దావిడ ఇటు తిరిగింది. అమ్మ మూతలో రెండు చెంచాలు పెట్టి ఆవిడకి అందించింది. భాష లేదు ఇద్దరికీ. ఆవిడ తిని, పోపులో వేరుశెనగ గింజని వేళ్లతో పట్టుకుని ఇదేంటన్నట్టు చూపించింది. అమ్మ తెలుగులోనే చెప్పింది, "పల్లీలమ్మా."