నాన్న స్కాన్ చేసిన ఫొటోలు నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకునేదాకా

నాన్న షష్టిపూర్తికి ఒక ఆల్బమ్ చేయించాలనుకున్నాం. మా ఇంట్లో పాత ఫొటోలన్నీ ఆయనే రెండేళ్లుగా ఓపిగ్గా స్కాన్ చేసి, తన డెస్క్‌టాప్‌లో డి డ్రైవ్‌లో పెట్టుకున్నారు. వాటిలో కొన్నిటి అసలు ఫొటోలు అద్దానికి అతుక్కుపోయి చిరిగిపోయాయి. అంటే వాటికి ఆ ఫైలే ఇప్పుడు అసలు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు గానీ, నాన్న రోజూ కొత్తవి చేరుస్తూనే ఉన్నారు. అందుకే ఫోల్డర్‌ని షేర్ చేసి, నా ల్యాప్‌టాప్ నుంచే చూద్దామనుకున్నాను. పది నిమిషాల పని అనుకున్నది రెండు రాత్రులు పట్టింది.

మొదట అసలు ఆ కంప్యూటరే కనిపించలేదు. నెల క్రితం దానిలో విండోస్ మళ్లీ వేయించాం. అప్పటి నుంచి మా ఇంటి వైఫై దానిలో 'పబ్లిక్' నెట్‌వర్క్‌గా ఉండిపోయింది. బస్టాండులో వైఫైకి కలిపినట్టు ఎవరికీ కనిపించకుండా దాక్కుంటుందన్నమాట. దాన్ని 'ప్రైవేట్'కి మార్చి, ఫైల్ షేరింగ్ ఆన్ చేశాను. బయటి నుంచి వచ్చే కనెక్షన్లని అడ్డుకునే ఫైర్‌వాల్‌ని ఆపేయమని బావ ఫోన్‌లో సలహా ఇచ్చాడు. ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ రాలేదు. ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) కొట్టగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది.

అక్కడే మొదటి రాత్రి గడిచిపోయింది. నాన్న ఖాతాకి పాస్‌వర్డ్ లేదు. పాస్‌వర్డ్ లేని ఖాతాతో కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కావచ్చు గానీ, నెట్‌వర్క్ మీదుగా విండోస్ రానివ్వదు. పిన్ పెట్టుకున్నా లాభం లేదు, అది ఆ ఒక్క యంత్రానికే పనికొస్తుంది. పాస్‌వర్డ్ అడగకుండా అందరికీ తెరిచేద్దామా అంటే, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 ప్రో. 24హెచ్2 వెర్షన్ నుంచి అది అలాంటి గెస్ట్ ప్రవేశాన్ని ఒప్పుకోదు. నిజానికి అదే మంచిది. డెస్క్‌టాప్‌లో 'ఇల్లు' అనే పేరుతో మామూలు యూజర్ ఖాతా ఒకటి సృష్టించి, గట్టి పాస్‌వర్డ్ పెట్టాను. అయినా ఒప్పుకోలేదు. ముందు ప్రయత్నించిన తప్పు వివరాలు ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉండిపోయాయి. అవి తీసేసి రీస్టార్ట్ చేశాక ఫోల్డర్ తెరుచుకుంది.

తెరుచుకుంది గానీ సగమే. ఈ నెలలో స్కాన్ చేసిన ఫొటోలు వస్తున్నాయి. అమ్మానాన్నల పెళ్లి, మా చిన్నప్పటివి, తాతయ్య ఫొటోలు ఉన్న ఫోల్డర్ల మీద నొక్కితే 'యాక్సెస్ ఈజ్ డినైడ్'. షేరింగ్ ట్యాబ్‌లో 'ఎవ్రీవన్'కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి చూశాను, అదే మాట. "నాకు తెరుచుకుంటున్నాయి కదరా!" అంటారు నాన్న. నాకు టెన్షన్ మొదలైంది.

విషయం ఏమిటంటే, షేర్ చేసిన ఫోల్డర్‌కి రెండు తాళాలుంటాయి. షేరింగ్ ట్యాబ్‌లోది వీధి తలుపు తాళం, సెక్యూరిటీ ట్యాబ్‌లోది గది తాళం. వీధి తలుపు బార్లా తీసినా గదికి తాళం ఉంటే లోపలికి వెళ్లలేం. నేను మొదటిదాన్నే పట్టుకుని కూర్చున్నాను.

పాత ఫోల్డర్ల సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే పేరు లేని ఖాతా ఒకటి కనిపించింది, ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి అంకె. అది విండోస్ మళ్లీ వేయక ముందున్న నాన్న ఖాతా. పేరు అదే పెట్టుకున్నా విండోస్ దృష్టిలో ఇప్పటి నాన్న వేరే మనిషి. అప్పట్లో ఆయన పిక్చర్స్ ఫోల్డర్‌నే డి డ్రైవ్‌కి మార్చుకున్నారు. అది సొంత ఫోల్డర్ కాబట్టి మామూలు యూజర్లెవరికీ అందులో ప్రవేశం లేదు. తర్వాత ఆ ఫొటోలను కట్ చేసి ఈ ఫోల్డర్‌లో పేస్ట్ చేశారు. ఒకే డ్రైవ్‌లో కట్-పేస్ట్ చేస్తే పాత అనుమతులు వెంటే వస్తాయి. కాపీ చేసి ఉంటే కొత్త చోటి అనుమతులు వచ్చేవి. మరి నాన్నకెలా తెరుచుకున్నాయి? ఆయన అడ్మిన్ కాబట్టి, అనుమతి లేదన్నప్పుడు 'కంటిన్యూ' నొక్కారు. అలా నొక్కినప్పుడు విండోస్ ఆయన్ని ఆ ఫోల్డర్‌లో చేర్చేసింది.

దేనిమీదా చెయ్యి వేయకముందు మొత్తం ఫొటోలని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీశాను. ఇది మాత్రం వదిలేయకండి. తర్వాత సెక్యూరిటీ ట్యాబ్‌లోని అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఓనర్‌ని అడ్మినిస్ట్రేటర్స్‌కి మార్చి, లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తించేలా టిక్ పెట్టాను. డి డ్రైవ్ నుంచి వారసత్వంగా వచ్చే అనుమతుల్ని ఆపాను. ఎందుకంటే వాటిలో లాగిన్ అయిన ఎవరైనా ఫైళ్లు మార్చే వీలుంది. ఆ వరస తీసేసి నాన్నకి ఫుల్ కంట్రోల్, 'ఇల్లు' ఖాతాకి చదివే అనుమతి ఇచ్చి, లోపలివాటి అనుమతుల్ని వీటితో భర్తీ చేయించాను. ఇదంతా ఆ ఒక్క ఫొటోల ఫోల్డర్ మీదే చేశాను. సి డ్రైవ్ మొత్తం మీద ఇలా చేస్తే విండోస్ పాడైపోవచ్చు.

చదివే అనుమతే ఎందుకంటే, నెట్‌వర్క్ మీదుగా డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌కి వెళ్లదు, నేరుగా పోతుంది. నా చెయ్యి జారి తాతయ్య ఫొటో పోతే నేను తట్టుకోలేను. రాసే అవసరం కోసం లోపల 'కొత్తవి' అని ఒక ఫోల్డర్ పెట్టి, 'ఇల్లు' ఖాతాకి అక్కడ మాత్రం మాడిఫై, అంటే రాసే, మార్చే అనుమతి ఇచ్చాను. షేరింగ్ ట్యాబ్‌లో 'ఎవ్రీవన్'ని తీసేసి, 'ఇల్లు', నాన్న ఖాతాలకే చేంజ్ అనుమతి ఉంచాను.

మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి తాతయ్య ఫోల్డర్ మీద నొక్కాను. ఒక్కొక్కటిగా బొమ్మలు పరుచుకున్నాయి. ఇప్పుడు 'కొత్తవి'లో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు ఉంది. ఏ ఫొటోలో ఎవరున్నారో అమ్మ చెబుతుంటే నాన్న ముందుగదిలో టైప్ చేసి సేవ్ చేస్తున్నారు, నేను లోపలి గదిలో చదువుకుంటూ ఆల్బమ్‌కి పేర్లు రాసుకుంటున్నాను.